ఒక్క ఇమేజ్, పది కంప్యూటర్లు: లైసెన్స్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి మీద నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేటకు ముందు దొరవారిసత్రం తగులుతుంది. నేలపట్టు పక్షుల కేంద్రం ఈ మండలంలోదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఈ మండలం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. మండల కేంద్రం అన్నాక తహశీల్దారు కార్యాలయం, మండల పరిషత్తు, పోలీసు స్టేషను, హైస్కూలు, సహకార సంఘం, సచివాలయం తప్పవు. ఈ రోజుల్లో వాటిలో ఒక్కోచోట నాలుగో పదో కంప్యూటర్లూ తప్పవు.

ఇలాంటి చోటికి కొత్త కంప్యూటర్లు ఒక లాటుగా వస్తే టెక్నీషియన్ చేసే పని దాదాపు ఒకటే. ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేస్తాడు: విండోస్, ఆఫీస్, తెలుగు కీబోర్డు, ప్రింటర్ డ్రైవర్లు, బ్రౌజర్, యాంటీవైరస్. ఆ డిస్కును ఇమేజ్‌గా తీసి మిగతా అన్నింటిలోకీ ఎక్కిస్తాడు. రెండు రోజుల పని పూటలో అయిపోతుంది. చిక్కు తర్వాత మొదలవుతుంది. కొన్నింట్లో తెర కుడి మూల ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిదరంగు అక్షరాలు కనిపిస్తాయి. కొన్నింట్లో వర్డ్ తెరిస్తే పైన ఎర్ర పట్టీ వస్తుంది. ట్యాలీ అయితే లైసెన్స్ దొరకలేదని చదువుకునే వాళ్ల మోడ్‌లోకి జారుకుంటుంది. ‘మొదటిదాంట్లో ఉన్నది ఒరిజినలే కదా, మిగతావాటికి మళ్లీ ఎందుకు?’ అని ఆఫీసు వాళ్లు అడుగుతారు. టెక్నీషియన్ జేబులోని పెన్‌డ్రైవ్ తీసి ‘యాక్టివేటర్’ కొడతాడు. అక్షరాలు మాయమవుతాయి. సమస్య తీరిందనుకుంటారు.

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు సాంకేతికంలో కొంత, ఒప్పంద పత్రంలో కొంత, మన చట్టంలో కొంత, కొనుగోలు పద్ధతిలో కొంత చెదిరి ఉంది. వాటిని ఒకచోట చేర్చి చూస్తే తేలేది ఇది: పెద్ద సంస్థల కోసం కట్టిన యాక్టివేషన్ వ్యవస్థలను మండల స్థాయి కార్యాలయం మీద యథాతథంగా రుద్దడం వల్లే చాలావరకు ఈ తంటా. దీన్ని క్లోనింగ్ రోజున సరిదిద్దలేం. ఆర్డరు రాసిన రోజునే సరిచూసుకోవాలి.

ఇమేజ్‌లోకి ఏం వస్తుంది, ఏం రాదు

డిస్కును డిస్కుగా ఎత్తి రాసే పని 1990ల నడుమ తేలికైంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ముర్రే హాజర్డ్ రాసిన ‘ఘోస్ట్’ను 1998లో సిమాంటెక్ కంపెనీ కొనుక్కుంది. మన టెక్నీషియన్లలో చాలామంది ఏ సాధనం వాడినా ఇప్పటికీ ‘ఘోస్ట్ వేశాం’ అనే అంటారు. ఇవాళ ఎక్కువగా వాడేది తైవాన్‌లోని జాతీయ కంప్యూటింగ్ కేంద్రం నుంచి వచ్చిన క్లోన్‌జిల్లా. అది ఉచితం. ల్యాబుల్లో ఒకేసారి ముప్పై నలభై యంత్రాలకు ఎక్కించడానికి ఫాగ్ వంటివి ఉన్నాయి.

ఇమేజ్‌తోపాటు ఫైళ్లు, రిజిస్ట్రీ, కంప్యూటర్ పేరు, విండోస్ తనకు తాను పెట్టుకున్న భద్రతా సంఖ్య అయిన ఎస్‌ఐడీ, యాక్టివేషన్ సర్వర్‌కు తనను పరిచయం చేసుకునే సీఎంఐడీ అనే మరో సంఖ్య, ఆఫీస్ లైసెన్స్ టోకెన్లు, యాంటీవైరస్ తన కేంద్రానికి చెప్పుకునే గుర్తింపు అన్నీ వస్తాయి. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఫ్యాక్టరీ వాళ్లు రాసిపెట్టిన కీ మాత్రం రాదు. నెట్‌వర్క్ కార్డు చిరునామా, ప్రాసెసరు, డిస్కు సీరియల్ వంటివాటితో యంత్రానికి ఏర్పడే హార్డ్‌వేర్ గుర్తూ రాదు. అంటే ఒకేలా ఉండకూడనివి ఒకేలా వస్తాయి, వెంట రావాల్సినవి వెనకే ఉండిపోతాయి. పట్టాదారు పాసుపుస్తకాన్ని పది జిరాక్సులు తీసినంత మాత్రాన పది ఎకరాలు రానట్టే, ఇమేజ్‌తో హక్కు వెంట రాదు.

వీటిలో మొదటి రకాన్ని, అంటే ఒకేలా ఉండకూడనివాటిని సరిచేయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సాధనం సిస్‌ప్రెప్. ఇమేజ్ తీసే ముందు దాన్ని ‘జనరలైజ్’ ఎంపికతో నడిపితే ఎస్‌ఐడీ, సీఎంఐడీ, కంప్యూటర్ పేరు తుడిచిపెట్టుకుపోతాయి. యంత్రం మొదటిసారి లేచినప్పుడు కొత్తవి పుడతాయి. యాక్టివేషన్ గడియారం కూడా మొదటికి వస్తుంది. విండోస్ 7లో ఇలా మూడుసార్లే కుదిరేది. నాలుగోసారి సిస్‌ప్రెప్ మొరాయించేది. కాబట్టి ఏళ్ల తరబడి ఒకే ఇమేజ్‌ను తెరిచి, మార్చి, మళ్లీ మూసే అలవాటున్నవాళ్లు ఇరుక్కుపోయేవారు. 8.1 నుంచి ఆ పరిమితి 1001కి పెరిగింది. అది ఇప్పుడు అడ్డంకే కాదు.

ఎస్‌ఐడీ విషయంలో మాత్రం రెండు వాదాలు చాలాకాలం నడిచాయి. విండోస్ లోతులు తెలిసిన మార్క్ రుస్సినోవిచ్, ఎస్‌ఐడీలు మార్చే ‘న్యూఎస్‌ఐడీ’ అనే సాధనాన్ని తానే రాసి, 2009 నవంబరులో తానే విరమించుకున్నాడు. ఒకే ఎస్‌ఐడీ రెండు యంత్రాల్లో ఉన్నా ఆచరణలో ప్రమాదమేమీ లేదని ఆయన వాదన. ఆ మాట పట్టుకుని సిస్‌ప్రెప్ మానేసినవాళ్లు ఎందరో. మైక్రోసాఫ్ట్ అధికారిక విధానం మాత్రం సిస్‌ప్రెప్ చేయని ఇమేజ్‌కు మద్దతు ఇవ్వబోమనే చెబుతూ వచ్చింది. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లతో ఈ వాదన ముగిసిపోయింది. విండోస్ 11 24హెచ్2, దాని తర్వాతి వెర్షన్లు, సర్వర్ 2025 ఇప్పుడు ఎస్‌ఐడీని గట్టిగా సరిచూస్తున్నాయి. ఒకే ఎస్‌ఐడీ ఉన్న యంత్రాల మధ్య లాగిన్లు, ఫోల్డర్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్ ఆగిపోతున్నాయి. ప్రింటర్‌నూ ఫోల్డర్లనూ ఒక యంత్రం నుంచి పంచుకునే చిన్న ఆఫీసుకు ఇది నేరుగా తగిలే దెబ్బ.

యాక్టివేషన్ ఎందుకు పుట్టింది

2001కి ముందు సీడీ కవరు మీద ఉన్న కీ కొడితే సరిపోయేది. అదే కీ ఎన్ని యంత్రాల్లో కొట్టినా అడిగేవాడు లేడు. ఆ ఏడాది ఆఫీస్ ఎక్స్‌పీ, విండోస్ ఎక్స్‌పీలతో ఆన్‌లైన్ యాక్టివేషన్ వచ్చింది. అయితే పెద్ద కంపెనీలకు ఇబ్బంది ఉండకూడదని వాటికి ఇచ్చే వాల్యూమ్ కీలకు యాక్టివేషన్ మినహాయించారు. ఆ సందులోంచే అంతా కారిపోయింది. ఒక కార్పొరేట్ కీ విడుదలకు ముందే బయటపడి ప్రపంచమంతా పాకింది. 2002లో సర్వీస్ ప్యాక్ 1తో దాన్ని అడ్డుకునేసరికి అసలైన కాపీల కన్నా ఆ కాపీలే జనానికి అలవాటయ్యాయి. మన ఊళ్లలో అసెంబుల్డ్ కంప్యూటర్ల కాలం కూడా అదే.

ఆ దెబ్బకు విస్టాతో మైక్రోసాఫ్ట్ మినహాయింపు ఎత్తేసింది. కంపెనీ కాపీ అయినా సరే యాక్టివేట్ కావాల్సిందేనంటూ రెండు దారులు పెట్టింది. అవి ఎంఏకే, కేఎంఎస్. ఇవాళ మన టెక్నీషియన్ ఎదుర్కొనే ప్రతి చిక్కుకూ మూలం ఈ మార్పులో ఉంది.

ఏ లైసెన్స్ క్లోనింగ్‌కు ఎలా స్పందిస్తుంది

మొదటిది ఓఈఎం. కంప్యూటర్‌తోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఇదే. విండోస్ 8 నుంచి ప్రతి యంత్రానికీ వేరే కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో రాస్తున్నారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ ఆ కీని తానే చదువుకుంటుంది. కాబట్టి ఎడిషన్ కలిస్తే సాంకేతికంగా గొడవ తక్కువ. కలవకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. ధర తగ్గుతుందని ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ ఉన్న యంత్రాలు కొంటారు. టెక్నీషియన్ దగ్గర ఉన్న ఇమేజ్ ‘ప్రొ’ది. ఫర్మ్‌వేర్‌లో హోమ్ కీ, డిస్కులో ప్రొ విండోస్. రెండూ పొసగవు.

ఎడిషన్ కలిసినా ఒప్పంద పత్రం మరో మాట చెబుతుంది. ఓఈఎం లైసెన్స్ ఆ యంత్రంతో వచ్చిన కాపీని ఆ యంత్రంలో వాడుకోవడానికే. దాంతో ఇమేజ్ చేసి ఇతర యంత్రాలకు ఎక్కించే హక్కు లేదు. ఆ హక్కు కావాలంటే అదే ఎడిషన్, అదే వెర్షన్‌కు కనీసం ఒక్క వాల్యూమ్ లైసెన్స్ కొనాలి. ఆ ఒక్కదానితో వచ్చే మీడియాతో, కీతో మిగతా ఓఈఎం యంత్రాలన్నింటినీ ఇమేజ్ చేసుకోవచ్చు. దీన్నే రీఇమేజింగ్ హక్కు అంటారు. పది యంత్రాల ఆఫీసుకు పది వాల్యూమ్ లైసెన్సులు అవసరం లేదన్న సంగతి చాలామంది అమ్మకందారులు చెప్పరు.

దానికి ఎదురు దిక్కున మరో ఉచ్చు ఉంది. కొటేషన్ తగ్గించడానికి ‘డాస్’ అనో ‘ఉబుంటు’ అనో రాసిన యంత్రాలు తెప్పించి, తర్వాత విండోస్ వాల్యూమ్ లైసెన్స్ కొనేవాళ్లున్నారు. విండోస్ వాల్యూమ్ లైసెన్స్ అప్‌గ్రేడ్ మాత్రమే. కింద అర్హమైన ప్రొ లైసెన్స్ ఉంటేనే అది చెల్లుతుంది. హోమ్ ఎడిషన్ కూడా ఆ అర్హత కిందికి రాదు. డబ్బు కట్టి, కాగితం చేతిలో ఉండి కూడా లైసెన్స్ లేనివాళ్లుగా మిగలడం ఇలాగే జరుగుతుంది. సరిచేసుకోవడానికి ‘గెట్ జెన్యూన్’ అనే ప్రత్యేక ఒప్పందం ఉంది గానీ మొదట మిగిలిందనుకున్న డబ్బు అక్కడ పోతుంది.

ఎంఏకే అంటే ఇన్నిసార్లు యాక్టివేట్ చేసుకోవచ్చు అని లెక్క కట్టిన ఒకే కీ. ఒకసారి మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో మాట్లాడితే చాలు, మళ్లీ అడగదు. నెట్ అంతంతమాత్రంగా ఉన్న చోట్లకు ఇదే మేలు. నెట్ లేని యంత్రాలకు వేరే యంత్రం ద్వారా యాక్టివేట్ చేసే వీఏఎంటీ అనే ఉచిత సాధనమూ ఉంది. లోపమల్లా ఇమేజ్ మళ్లీ వేసిన ప్రతిసారీ లెక్కలోంచి ఒకటి తగ్గడం. వైరస్ వచ్చిందనో డిస్కు పోయిందనో ఏడాదికి రెండుసార్లు ‘ఫార్మాట్ కొట్టే’ ఆఫీసులో లెక్క త్వరగా హరించుకుపోతుంది. అప్పుడు ‘సీ020’తో ముగిసే ఎర్రర్ కోడ్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్‌ను అడిగితే లెక్క పెంచుతారు. అడగాలని తెలియనివాళ్లే ఎక్కువ.

కేఎంఎస్ తీరు వేరు. సంస్థ తన లోపలే ఒక సర్వర్ పెట్టుకుంటుంది, యంత్రాలు దాన్ని అడుగుతాయి. ఒకసారి యాక్టివేట్ అయితే 180 రోజులు చెల్లుతుంది. ప్రతి ఏడు రోజులకూ యంత్రం మళ్లీ పలకరించి గడువు పొడిగించుకుంటుంది. అసలు మెలిక వేరే ఉంది. కనీసం 25 వేర్వేరు యంత్రాలు అడిగేదాకా ఆ సర్వర్ విండోస్ క్లయింట్లలో ఒక్కదాన్నీ యాక్టివేట్ చేయదు. సర్వర్లకు, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు ఈ సంఖ్య 5.

క్లోనింగ్ తప్పు ఎలా బయటపడుతుందో చూడాలంటే కేఎంఎస్ తెర ముందే కూర్చోవాలి. ఒక ల్యాబులో 30 యంత్రాలకు సిస్‌ప్రెప్ చేయని ఇమేజ్ ఎక్కించారనుకుందాం. సర్వర్‌లో ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్’ ఆదేశానికి ‘డీఎల్‌వీ’ జోడించి కొడితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో ‘కరెంట్ కౌంట్’ అనే వరుస ఉంటుంది. ముప్పై యంత్రాలూ పలకరించాక కూడా అక్కడ 1 అనే కనిపిస్తుంది. ఎందుకంటే అన్నింటి సీఎంఐడీ ఒకటే. సర్వర్ దృష్టిలో ఒకే యంత్రం ముప్పైసార్లు తలుపు తట్టింది. యంత్రాల్లో ‘ఎఫ్038’తో ముగిసే ఎర్రర్ వస్తుంది, ‘కౌంట్ చాలలేదు’ అని దాని అర్థం. చాలామంది దీన్ని నెట్‌వర్క్ సమస్య అనుకుని కేబుళ్లు మారుస్తారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు. ఒక్కో యంత్రంలో ‘రీఆర్మ్’ చేసి రీస్టార్ట్ చేస్తే కొత్త సీఎంఐడీ పుడుతుంది. కౌంట్ 2, 3, 4 అని పెరుగుతూ 25 చేరగానే యాక్టివేషన్లు మొదలవుతాయి.

విండోస్ 8, సర్వర్ 2012తో యాక్టివ్ డైరెక్టరీ ద్వారా యాక్టివేషన్ వచ్చింది. దానికి 25 నియమం లేదు. కానీ డొమైన్ కంట్రోలర్ కావాలి. పది యంత్రాల ఆఫీసులో దాన్ని చూసుకునేవాళ్లు ఉండరు.

ఆఫీస్, ట్యాలీ, డిజైన్ సాఫ్ట్‌వేర్లు

విండోస్ ఒక్కటే సరిచూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. వాల్యూమ్ ఆఫీస్‌కు తన సొంత రీఆర్మ్ సాధనం ఉంది. ఇమేజ్ మూసే ముందు దాన్ని వేరుగా నడపాలి. మైక్రోసాఫ్ట్ 365 అయితే లెక్క యంత్రం నుంచి మనిషికి మారింది. ఒక ఖాతాతో ఐదు కంప్యూటర్ల దాకా వాడుకోవచ్చు. షిఫ్టుల్లో పలువురు కూర్చునే యంత్రానికి ‘షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్’ అనే పద్ధతి ఉంది, అది కొన్ని ప్లాన్లలోనే దొరుకుతుంది. ఇక్కడ చేయకూడని పని ఒక్కటే: ఇమేజ్ తీయబోయే యంత్రంలో ముందే ఎవరి ఖాతాతోనో లాగిన్ అవడం. ఆ టోకెన్ అన్ని నకళ్లలోకీ పాకుతుంది.

లెక్కలు రాసే ప్రతి ఆఫీసులో ఉండే ట్యాలీ లైసెన్స్ యంత్రానికి కట్టుబడి ఉంటుంది. డిస్కు మార్చినా నకలు తీసినా ‘ఎడ్యుకేషనల్ మోడ్’లోకి వెళుతుంది. ఆ మోడ్‌లో నెలలో 1, 2 తేదీలు, ఆఖరి తేదీ తప్ప వోచర్లు రాయనివ్వదు. నెల నడుమ తేదీకి వోచర్ ఎక్కకపోతే ట్యాలీ చెడిపోయిందని ఫోన్ చేసేవాళ్లు ముందు ఈ మోడ్‌ను చూసుకోవాలి. సరైన వరుస ఇది: పాత యంత్రంలో ‘సరెండర్’ చేయాలి, కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. పాతది కాలిపోయాక సరెండర్ చేయడం కుదరదు కాబట్టి లైసెన్స్ ఎవరి మెయిల్ ఐడీ మీద ఉందో రాసిపెట్టుకోవాలి. చాలాచోట్ల ఆ మెయిల్ ఐడీ ఎప్పుడో బదిలీ అయిన ఉద్యోగిదో, సాఫ్ట్‌వేర్ అమ్మిన దుకాణదారుదో అయి ఉంటుంది.

డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ 7 ఇంత కాలం బతకడానికి తెలుగు ఫాంట్ల అలవాటు ఒక కారణమైతే, ఆన్‌లైన్ యాక్టివేషన్ లేకపోవడం మరో కారణం. సీరియల్ కొడితే చాలు, ఎన్ని డిస్కులకు నకలు తీసినా అది నడుస్తుంది. నడిచినంత మాత్రాన చట్టబద్ధం కాదన్నది వేరే సంగతి. యాక్టివేషన్ ఉన్నవాటికి మరో ముప్పు ఉంది. కంపెనీ సర్వర్ మూసేస్తే కొన్నవాడికీ దారి ఉండదు. అడోబీ తన సీఎస్2 యాక్టివేషన్ సర్వర్‌ను ఆపేసినప్పుడు కొన్నవాళ్ల కోసం యాక్టివేషన్ అడగని కాపీలను, సీరియళ్లను బయట పెట్టాల్సి వచ్చింది. ఆటోడెస్క్ నెట్‌వర్క్ లైసెన్సుల నుంచి వ్యక్తి పేరున చందాకు మారింది. దీంతో క్లోనింగ్ చిక్కు తగ్గింది, ఏటా కట్టే ఖర్చు స్థిరపడింది.

మన చట్టం ఏమంటోంది

సాఫ్ట్‌వేర్‌ను మన న్యాయస్థానాలు ఎలా చూస్తాయన్న ప్రశ్నలో కీలకమైన తీర్పు ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద రాష్ట్ర ప్రభుత్వం అమ్మకపు పన్ను వేసింది. సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించని మేధస్సు, సరుకు కాదని కంపెనీ వాదించింది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల ధర్మాసనం, సీడీలోకో ఫ్లాపీలోకో ఎక్కించి అమ్మిన సాఫ్ట్‌వేర్ సరుకేనని తేల్చింది. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో అదే కోర్టు ఆదాయపు పన్ను సందర్భంలో మరో తేడా స్పష్టం చేసింది. లైసెన్స్ ఒప్పందం కింద సాఫ్ట్‌వేర్ కొన్నవాడికి కాపీరైట్ దఖలు పడదు, కాపీరైట్ ఉన్న వస్తువును వాడుకునే వీలే దక్కుతుంది. ఈ రెండు తీర్పులూ పన్నుల మీదివే. అయినా క్లోనింగ్ చేసేవాడికి వాటి సారం పనికొస్తుంది: కొన్నది ఒక ప్రతి, దానితోపాటు ప్రతులు తీసే హక్కు రాలేదు.

కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం, చట్టబద్ధంగా పొందిన ప్రతిని అది ఇచ్చిన అవసరం కోసం వాడుకోవడానికి, పాడైతే ఆదుకోవడానికి బ్యాకప్ ప్రతి తీసుకోవచ్చు. అంటే ఇమేజ్ తీసి హార్డ్‌డిస్కులో దాచుకుని అదే యంత్రానికి మళ్లీ ఎక్కించుకోవడానికి అభ్యంతరం లేదు. ఆ ఇమేజ్ లైసెన్స్ లేని రెండో యంత్రంలోకి వెళ్లిన క్షణం లెక్క మారుతుంది. సెక్షన్ 63బీ ప్రకారం అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ సాంకేతికతను తప్పించడాన్నే నేరం చేసింది. పెన్‌డ్రైవ్‌లోని యాక్టివేటర్ సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది.

యాక్టివేటర్ అసలు ఖర్చు

ఈ యాక్టివేటర్లలో చాలావరకు చేసే పని ఒకటే. మీ కంప్యూటర్‌లోనే ఒక దొంగ కేఎంఎస్ సర్వర్‌ను లేపి, 25 యంత్రాలు అడిగాయని విండోస్‌ను నమ్మిస్తాయి. 180 రోజులకోసారి మళ్లీ అదే పని చేయడానికి వెనక దాక్కుని ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని చెబుతాయి. ఆపాక లోపలికి ఇంకేం వచ్చిందో చెప్పేవాళ్లు లేరు. ‘కేఎంఎస్‌పికో’ పేరుతో తిరిగే ఫైళ్లలో బ్రౌజర్ పాస్‌వర్డులు దోచే క్రిప్ట్‌బాట్ ఉందని 2021 చివర్లో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. మీసేవ లాగిన్లు, బ్యాంకు లాగిన్లు, డిజిటల్ సంతకం టోకెన్లు ఒకే యంత్రంలో వాడే చోట ఇది చిన్న విషయం కాదు.

దొంగ కాపీ బయటపడుతుందన్న భయంతో అప్‌డేట్లు ఆపేయడం మరో అలవాటు. అప్‌డేట్ల విలువ ఏమిటో 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ చెప్పింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది ఆ ఏడాది మార్చి 14న. రెండు నెలల్లో ఆ మందు వేసుకోని యంత్రాలకు ప్రపంచమంతా తాళాలు పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కాయి. ఒకే ఇమేజ్‌తో పుట్టిన పది యంత్రాలకు ఉన్న లోపమూ ఒకటే. ఒకదాంట్లోకి వచ్చింది మిగతా తొమ్మిదింటిలోకీ వెళుతుంది.

చిన్న కార్యాలయం ప్రత్యేకత

ఇప్పుడు దొరవారిసత్రం లాంటి చోటికి తిరిగి వద్దాం. 25 యంత్రాల గడప ఇక్కడ ఏ ఒక్క కార్యాలయమూ దాటడం కష్టం. కేఎంఎస్ పనికిరాదు. జిల్లా కేంద్రంలో శాఖకు కేఎంఎస్ ఉన్నా, ప్రైవేటు నెట్‌వర్క్ ద్వారా దాన్ని అందుకోగలిగితేనే 180 రోజుల గడువు పెరుగుతుంది. పులికాట్ ఒడ్డు ఉప్పుగాలిలో, పిడుగుల కాలంలో బోర్డులు పోవడం ఇక్కడ అరుదు కాదు. ఓఈఎం లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడింది. వారంటీలో కంపెనీ మార్చి ఇస్తే లైసెన్స్ నిలుస్తుంది. సొంతంగా వేరే బోర్డు వేయించుకుంటే కొత్త యంత్రం కిందే లెక్క. అందువల్ల వారంటీ గడువు కూడా లైసెన్స్ లెక్కలో భాగమే.

కొనుగోళ్ల తీరు కూడా చూడాలి. 1985 నుంచి ఉన్న ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్ ప్రభుత్వ శాఖలకు కంప్యూటర్లు సమకూర్చే సంస్థ. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలతో కంప్యూటర్లు ఊరూరా చేరాయి. యంత్రం వచ్చిన పద్ధతిని బట్టి లైసెన్స్ మారుతుంది గానీ ఆ కాగితం యంత్రంతో పాటు ఊరికి రాదు. టెక్నీషియన్ చేతిలో యంత్రం ఉంటుంది, ఫైలు వేరే ఊళ్లో ఉంటుంది.

గతంలో దీనికి వేర్వేరు జవాబులు వెతికారు. 2008లో ఉమ్మడి రాష్ట్రం 5,000 పాఠశాలల్లో కంప్యూటర్ విద్య పెట్టినప్పుడు, ఒకే సీపీయూను పలువురు పిల్లలు పంచుకునే ఎన్‌కంప్యూటింగ్ పరికరాలు వాడింది. డిస్కులు తగ్గాయి, నకళ్ల బాధ తగ్గింది. అయితే అలా పంచుకునే వాడకానికి మామూలు విండోస్ లైసెన్స్ సరిపోదు. మైక్రోసాఫ్ట్ అందుకోసం మల్టీపాయింట్ సర్వర్‌ను 2010లో గానీ తేలేదు. తాజా జవాబు సహకార సంఘాలది. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణ పథకంలో లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కటే, అది కేంద్ర సర్వర్‌లో ఉంటుంది. సంఘంలో యంత్రం మారినా లాగిన్ మారదు. సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోకి వెళ్లిన కొద్దీ స్థానిక డిస్కు మీది లైసెన్స్ బరువు తగ్గుతుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దారి

లైసెన్స్ లెక్కే లేకుండా నకలు తీసుకోమని చెప్పే దారి కూడా ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల ఐటీ బోధన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. అక్కడ ఒక ఇమేజ్ ఎన్ని బళ్లకైనా పంచుకోవచ్చు. చెన్నై సీడ్యాక్ తయారుచేసిన బాస్ లినక్స్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కృషి మనకు అందుబాటులో ఉన్నవే. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. సూరన్న, మండలి, ధూర్జటి, పెద్దన వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉన్నాయి కాబట్టి ఇమేజ్‌లో నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

ఈ దారికీ హద్దులున్నాయి. ట్యాలీ విండోస్ సాఫ్ట్‌వేర్. కొన్ని బయోమెట్రిక్ పరికరాల డ్రైవర్లూ, డిజిటల్ సంతకం టోకెన్ల సాధనాలూ విండోస్‌కే బాగా నడుస్తాయి. లినక్స్‌లో క్లోనింగ్ కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిందే: మెషీన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, హోస్ట్ పేరు ప్రతి నకలులోనూ కొత్తవి పుట్టించకపోతే ఒకే చిరునామా కోసం రెండు యంత్రాలు కొట్లాడుకుంటాయి. కాబట్టి బడి ల్యాబుకు లినక్స్ సరైన జవాబు, ట్యాలీ నడిచే బల్లకు ఇంకా కాదు.

తేలేదేమిటి

ఇరవై అయిదు లోపు యంత్రాలున్న కార్యాలయం క్లోనింగ్ జోలికి పోకపోవడమే మంచిది. ప్రొ ఎడిషన్ ఓఈఎం విండోస్‌తో యంత్రాలు కొని, ఫ్యాక్టరీ విండోస్‌ను కదపకుండా, పైన వేయాల్సిన సాఫ్ట్‌వేర్లను ఒక స్క్రిప్టుతోనో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రొవిజనింగ్ ప్యాకేజీతోనో వేయించుకుంటే యాక్టివేషన్ సమస్యే పుట్టదు. పూటలో అయ్యే పని ఒక రోజు పడుతుంది, అంతే. ఇమేజ్ తప్పనిసరి అయితే ఒక్క వాల్యూమ్ లైసెన్స్ కొని రీఇమేజింగ్ హక్కుతో, ఎంఏకేతో, సిస్‌ప్రెప్ చేసిన ఇమేజ్‌తో వెళ్లాలి. బడి ల్యాబులకు లినక్స్ ఇమేజ్ వేయాలి. కేఎంఎస్‌ను పెద్ద సంస్థలకు వదిలేయాలి.

ఆర్డరు రాసే అధికారులకు ఒక్క విన్నపం. కొటేషన్‌లో ర్యామ్, హార్డ్‌డిస్కు రాసినట్టే విండోస్ ఎడిషన్, లైసెన్స్ రకం, రీఇమేజింగ్ హక్కు ఉందా లేదా అన్నవి మూడు వరుసల్లో రాయండి. యంత్రం సీరియల్, లైసెన్స్ ఏ మెయిల్ ఐడీ మీద ఉందో స్టాక్ రిజిస్టరులో ఒక వరుసగా ఎక్కించండి, ఆ మెయిల్ ఐడీ ఉద్యోగిది కాకుండా కార్యాలయానిది అయ్యేలా చూడండి. ఈ నాలుగు వరుసలు ఉంటే టెక్నీషియన్‌కు పెన్‌డ్రైవ్ తీయాల్సిన అవసరం రాదు.